ఎడమ చక్రం ఎందుకు ఎక్కదు? రెండున్నరేళ్లు వాడిన నా ఆర్‌సీ క్రాలర్

ఈ క్రాలర్, అంటే రిమోట్‌తో నడిపే, బండలు ఎక్కే చిన్న బండి, నా దగ్గరికి వచ్చి రెండున్నరేళ్లు దాటింది. 1/10 స్కేలు, కిట్‌గా కొని నేనే బిగించుకున్నాను. ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే ఇరుసులు, ఒక్కో ఇరుసును చాసిస్‌కు కలిపే నాలుగు లింకులు (కడ్డీలు), 90 మి.మీ. షాకులు (షాక్ అబ్జార్బర్లు), 1.9 అంగుళాల రిమ్ములు, 313 మి.మీ. వీల్‌బేసు. చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు, అంటే స్టీరింగ్ సర్వో, ముందు ఇరుసు మీదే ఉంటుంది. దాదాపు ప్రతి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో నడుపుతాను. అక్కడి గ్రానైటు బండలు గరుకుగా ఉంటాయి కాబట్టి టైరుకు పట్టు బాగా దొరుకుతుంది. కానీ బండల సందుల్లో పేరుకున్న మొరం షాకుల్లోకీ, లింకుల కీళ్లలోకీ దూరిపోతుంది.

గేర్లు ఇంతవరకు ఒక్కటి కూడా విరగలేదు. బ్రష్డ్ మోటారు ఇప్పటికీ మొదట్లో లాగే లాగుతోంది. టైర్లు మాత్రం ఒకసారి మార్చాను. వీటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. నన్ను నెలల తరబడి టెన్షన్ పెట్టింది సస్పెన్షన్, అదీ ఒక్క పక్కే.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. వానాకాలం అయ్యాక బండి మొత్తం విప్పి, బురద కడిగి, మళ్లీ బిగించాను. ఆ తర్వాత తేడా మొదలైంది. కుడి ముందు చక్రం బండ ఎక్కితే ఇరుసు హాయిగా వాలేది, మిగతా మూడు చక్రాలూ నేలను వదిలేవి కావు. అదే బండను ఎడమ చక్రంతో ఎక్కిస్తే సగంలోనే కుడి ముందు చక్రం గాల్లోకి లేచేది. "నాన్నా, మళ్లీ కుడి టైరు లేచింది" అని మా అబ్బాయి అరిచేవాడు. ఏటవాలు బండ మీద అలా లేచిందంటే బండి పక్కకు దొర్లడం ఖాయం.

అందరూ చేసే పనే నేనూ ముందు చేశాను: మెత్తటి స్ప్రింగులు తెప్పించాను. డబ్బు పోయింది, మూడు వారాలు ఎదురుచూశాను, తేడా అలాగే ఉంది. అప్పుడు కొనడం ఆపి కొలవడం మొదలుపెట్టాను. ఇంట్లో గచ్చు మీద బండిని నిలబెట్టి, ఒక ముందు చక్రం కింద పల్చటి చెక్క పలకలు ఒక్కొక్కటే పేరుస్తూ పోయాను. అవతలి చక్రం కింద కాగితం ముక్క పెట్టి లాగి చూశాను. కాగితం సులువుగా జారి వచ్చిందంటే ఆ చక్రం లేచినట్టే. కుడి చక్రం 96 మి.మీ. దాకా వెళ్లింది, ఎడమది 67 దగ్గర ఆగిపోయింది.

ముందు షాకుల స్ప్రింగులు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చాను. తప్పు స్ప్రింగుదైతే తేడా కూడా పక్క మారాలి. మారలేదు. వంటింటి తూకం తెచ్చి, మిగతా మూడు చక్రాల కిందా అంతే ఎత్తు పలకలు పెట్టి, ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతుందో చూశాను. బ్యాటరీ ఒక పక్కకు ఉండటం వల్ల ఎడమ ముందు చక్రం మీద 50 గ్రాములు ఎక్కువ పడుతోంది. బ్యాటరీని మధ్యకు జరిపితే ఎడమ లెక్క 67 నుంచి 71కి వచ్చింది. మంచిదే, కానీ అసలు రోగం అది కాదు.

అసలు పరీక్ష దీని తర్వాతది. ఈ కిట్ వాడే ప్రతి ఒక్కరినీ ఇది మొదటే చేయమంటాను. నాలుగు షాకులూ విప్పేసి, ఇరుసును చేత్తో పట్టుకుని రెండు పక్కలకూ వాల్చి చూడాలి. రెండు పక్కలా ఒకేలా వాలితే లోపం షాకుల్లో ఉంది. ఒక పక్క బిగుసుకుంటే లింకుల్లోనో, మోటారు బలాన్ని ఇరుసుకు చేర్చే డ్రైవ్ షాఫ్టులోనో, వైర్లలోనో ఉంది. నాది ఒక పక్కకు ఊయలలా వాలింది. రెండో పక్కకు సగం వాలగానే ఠక్కున ఆగింది. డ్రైవ్ షాఫ్టు తీసేసినా ఆగింది. సర్వో వైరుకు వేసిన జిప్ టై కోసేస్తే కొంచెం వదులైంది, ఆ వైరు మరీ బిగుతుగా కట్టాను. ఇక లింకులు ఒక్కొక్కటే విప్పుతూ పోయాను. కుడి కింది లింకు విప్పిన క్షణంలో ఇరుసు స్వేచ్ఛగా తిరిగింది.

ఆ లింకును వెర్నియర్‌తో కొలిస్తే ఎడమ దానికన్నా సరిగ్గా 1 మి.మీ. పొడవుంది. లింకు చివర ఉండే ఎం3 (3 మి.మీ. మందం) మరలో ఒక చుట్టుకు 0.5 మి.మీ. జరుగుతుంది, అంటే బిగించేటప్పుడు నేను రెండు చుట్లు తక్కువ తిప్పాను. దానివల్ల ఇరుసు కాస్త వంకరగా కూర్చుంది. అంతకన్నా పెద్ద లోపం కోణంలో ఉంది. లింకు రెండు చివర్లా మరతో బిగించే రాడ్ ఎండ్లు ఉంటాయి, ఒక్కోదాని కన్ను (గుండ్రటి రంధ్రం) లోపల స్క్రూ దూరే గుండు ఉంటుంది. ఆ రెండు కళ్లూ ఒకే వైపు చూడాలి. నా లింకులో ఒకటి 20 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది. లోపలి గుండు కొంతమేరే తిరగగలదు. కళ్లు మెలిపడి ఉంటే ఆ తిరుగుడులో కొంత ముందే ఖర్చైపోతుంది. ఒక పక్కకు ఎంత వెసులుబాటు పెరిగితే, రెండో పక్కకు అంత తగ్గుతుంది. నా బండి ఒక్క పక్కే మొరాయించడానికి కారణం ఇదే.

సరిచేయడం పది నిమిషాల పని. రెండు కళ్లలోనూ ఒక్కో పొడవాటి స్క్రూ దూర్చి, ఒక చివర నుంచి లింకు వెంబడి చూడాలి. రెండు స్క్రూలూ సమాంతరంగా కనిపించేదాకా ఒక రాడ్ ఎండ్‌ను తిప్పాలి. మొత్తం ఎనిమిది లింకులకూ ఇలా చేశాను. మరో రెండింటిలో కూడా కొంచెం మెలిక కనిపించింది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో ప్రతి లింకు పొడవూ మి.మీ. లెక్కన ఇచ్చారు, ఈ కోణం గురించి ఒక్క ముక్క లేదు. కిట్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. కొత్తగా బిగించేవాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు.

షాకులు కూడా ఎలాగూ విప్పాను కాబట్టి వాటినీ చూశాను. ఒకదాంట్లో నూనె సగానికి పడిపోయింది, మొరం రాపిడికి కడ్డీ మీద సన్నటి గీతలు పడ్డాయి. కడ్డీ, ఓ-రింగులు మార్చి, నాలుగింటిలోనూ 30 నంబరు నూనె పోశాను. పిస్టన్‌ను మెల్లగా ఆడిస్తూ బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగాలి, ఇక్కడ తొందర పనికిరాదు. తర్వాత స్ప్రింగులు లేకుండా నాలుగింటినీ ఒకేసారి నొక్కి వదిలి, ఒకే వేగంతో బయటికి వస్తున్నాయో లేదో చూసుకున్నాను.

అన్నీ బిగించాక మళ్లీ పలకలు పేర్చి కొలిచాను: కుడి 96, ఎడమ 92. ఆ ఆదివారం అదే బండను ఎడమ చక్రంతో ఎక్కించాను. కుడి చక్రం నేలను పట్టుకునే ఉంది. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు, నాకూ గొంతు కొంచెం పట్టేసింది.

ఒక తేడా మాత్రం మిగిలింది. థ్రాటిల్ గట్టిగా ఇస్తే బండి ఒక పక్కకు వాలుతుంది, రివర్స్ ఇస్తే రెండో పక్కకు వాలుతుంది. ఇది లింకుల లోపం కాదు. డ్రైవ్ షాఫ్టు తిప్పే బలానికి ఎదురుబలంగా చాసిస్ మెలితిరగడం వల్ల వస్తుంది, ఇలాంటి ఇరుసులున్న బండ్లలో మామూలే. బండి కదలకుండా ఉన్నప్పుడు కనిపించని తేడా థ్రాటిల్‌తోనే కనిపిస్తే, లింకులు విప్పి లాభం లేదు. వేళ్ల కింద థ్రాటిల్‌ను మెల్లగా పెంచడం నేర్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. నాకు అలాగే తగ్గింది.

ఇప్పటికీ ఈ కిట్ కొనమనే చెబుతాను. కొన్నరోజే అదనంగా ఒక సెట్టు రాడ్ ఎండ్లు కూడా తీసుకోండి. ప్లాస్టిక్‌వి మన మొరానికి ఏడాదిన్నరలో వదులైపోతాయి, నావి ఇప్పుడు రెండో సెట్టు మీద నడుస్తున్నాయి. లింకు స్క్రూలు మరీ బిగించకండి, బిగిస్తే కన్ను గుండును పట్టేస్తుంది. నేను నెలకోసారి షాకులు విప్పి ఇరుసును చేత్తో వాల్చి చూస్తున్నాను. పోయిన వారం చూసినప్పుడు రెండు పక్కలా ఒకేలా వాలింది.