మాజీ సైనికుల కోసం నడక: బ్రిటన్ పొడవునా నడవాలా, నైమేగన్‌లో నాలుగు రోజులు నడవాలా?

కష్టాల్లో ఉన్న మాజీ సైనికుల కోసం విరాళాలు సేకరిస్తూ నడవాలనుకునేవారికి ఐరోపాలో పేరున్న దారులు రెండున్నాయి. ఒకటి బ్రిటన్ నైరుతి కొస లాండ్స్ ఎండ్ నుంచి స్కాట్లాండ్ ఈశాన్య కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్ దాకా సాగే నడక. రెండోది నెదర్లాండ్స్‌లోని నైమేగన్ నగరంలో ఏటా జూలైలో జరిగే నాలుగు రోజుల నడక. ఎంత దూరం నడిచారన్న లెక్క కన్నా, ఆ నడకతో మాజీ సైనికుడికి ఏం అందిందన్నదే నాకు ముఖ్యం.

బ్రిటన్ నడక రోడ్డు మీదుగా దాదాపు 1,400 కిలోమీటర్లు. కాలిబాటలు పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. మామూలుగా నడిచేవారికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్ని నెలలు ఉద్యోగం, ఇల్లు వదిలి వెళ్లగలవారు ఎందరుంటారు? బస, తిండి, బూట్ల ఖర్చు తక్కువేమీ కాదు. ఆ ఖర్చును విరాళాల సొమ్ములోంచి తీస్తే దాతల నమ్మకం పోతుంది. ఈ విషయంలో రాజీ పడకూడదు. పైగా రెండో వారంలో మడమ మీద లేచిన బొబ్బ పగిలి చీము పడితే నడక అక్కడితో ఆగిపోవచ్చు. చర్మం ఎర్రబడి మండుతున్నప్పుడే ఆగి టేపు వేసుకోవాలి, బొబ్బ లేచేదాకా చూడకూడదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి కాబట్టి బూటు కొంచెం వదులుగా ఉండాలి.

అయినా అలాంటి సుదీర్ఘమైన దారికి ఒక గొప్ప బలముంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎర్ల్ షాఫర్ 1948లో అమెరికాలోని అపలేచియన్ అనే సుదీర్ఘ కాలిబాటను ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. యుద్ధం మనసు మీద మోపిన బరువును దించుకోవడానికే ఆయన బయలుదేరారు. నడిచేది మాజీ సైనికుడే అయితే, వారాల తరబడి రోజూ ఒకే పని, ఒకే దిక్కు ఉండటం అతనికి మేలు చేయవచ్చు. అప్పుడు నా ఓటు బ్రిటన్ దారికే.

నడిచేది మనలాంటి సామాన్యులైతే మాత్రం నైమేగన్ మేలు. 1909లో మొదలైన ఈ నడకలో పాల్గొనేవారు వయసును బట్టి, ఎంచుకున్న విభాగాన్ని బట్టి రోజుకు 30, 40 లేదా 50 కిలోమీటర్లు నడుస్తారు. రోజూ బయలుదేరేదీ, చేరేదీ నైమేగనే కాబట్టి బస మార్చాల్సిన అవసరం ఉండదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, అనేక దేశాల సైనికులు యూనిఫాంలో, చాలామంది వీపున కనీసం 10 కిలోల బరువుతో, పక్కనే నడుస్తుంటారు. మూడో రోజు దారి గ్రూస్‌బేక్ మీదుగా సాగుతుంది. అక్కడి కెనడా యుద్ధ శ్మశానవాటికలో రెండు వేలకు పైగా సమాధులున్నాయి. కెనడా సైనికులు ఆ రోజు నడక ఆపి నివాళులర్పిస్తారు. ఎవరి కోసం నడుస్తున్నామో ఆ వరుసల ముందు నిలబడితే వేరే చెప్పనక్కర్లేదు.

తేలిక అనుకుంటే మాత్రం పొరపాటు. 2006లో తీవ్రమైన ఎండకు మొదటి రోజే ఇద్దరు చనిపోవడంతో మిగిలిన రోజులు రద్దు చేశారు. వరుసగా రెండు రోజులు దూరం నడిచే సాధన నెలల ముందే మొదలుపెట్టాలి. ఒక్కరోజు బాగా నడవగలిగితే సరిపోదు.

డబ్బు దగ్గర రెండింటికీ ఒకే సూత్రం. సంస్థను ముందే ఎంచుకోండి, అది బ్రిటన్ సంస్థ అయితే నమోదైనదో కాదో అక్కడ సేవా సంస్థలను నమోదు చేసే ఛారిటీ కమిషన్ లాంటి అధికారిక సంస్థ జాబితాలో చూసుకోండి. మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం కోసం 1919 నుంచి పనిచేస్తున్న కంబాట్ స్ట్రెస్ అనే సేవా సంస్థ బ్రిటన్‌దే. అక్కడ పన్ను కట్టే దాత గిఫ్ట్ ఎయిడ్‌కు (విరాళం మీద కట్టిన పన్నును సంస్థకు ఇచ్చే ప్రభుత్వ పద్ధతికి) అంగీకరిస్తే ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలు సంస్థకు చేరతాయి. కాబట్టి నైమేగన్‌లో నడిచినా, దాతలు బ్రిటన్‌లో ఉంటే విరాళాలు బ్రిటన్ సంస్థ పేరునే తీసుకోవడం మంచిది.