స్టాటిస్టిక్స్ మారిషస్: అంకె కింద రాసిన చిన్న అక్షరాలే అసలు సరుకు

మారిషస్ జనాభా ఎంత అని వెతికితే ఒకచోట 12.35 లక్షలని, ఇంకోచోట 12.6 లక్షలని కనిపిస్తుంది. రెండూ ఆ దేశ గణాంక కార్యాలయం స్టాటిస్టిక్స్ మారిషస్ ఇచ్చినవే. 2022 సెన్సస్‌లో ఇంటింటికీ తిరిగి లెక్కపెడితే తేలిన సంఖ్య 12,35,260. రెండోది ఏటా జూలై 1 నాటికి వేసే అంచనా. సెన్సస్‌లో లెక్కకు రానివాళ్ల కోసం సర్దుబాటు చేసి, జననాలు, మరణాలు, వలసలు కలిపి తీస్తారు. ఏది ఏ లెక్కో పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఈ సంస్థ ఇచ్చే లెక్కలన్నిటిదీ ఇదే తీరు. దాపరికం లేదు, కానీ అడుగున ఉన్నది చదవనివాళ్లు బోల్తా పడతారు.

ముందు మంచి చెప్పాలి. సైట్‌లో పట్టికలు, నివేదికలు ఉచితం. ఏ లెక్క ఏ రోజు విడుదలవుతుందో ముందే క్యాలెండర్ వేస్తారు. గణాంకాలు ఎలా, ఎప్పుడు విడుదల చేయాలో చెప్పే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వారి ఎస్‌డీడీఎస్ ప్రమాణంలో 2012లో చేరిన దేశం కాబట్టి ఆ క్యాలెండర్ మొక్కుబడి కాగితం కాదు. కొత్తవాళ్లు ముందుగా ‘మారిషస్ ఇన్ ఫిగర్స్’ అనే చిన్న పుస్తకం తీసుకోవాలి. తాజా అంకె కావాలంటే ‘ఎకనామిక్ అండ్ సోషల్ ఇండికేటర్స్’ సంచికలు చూడాలి, పాత ఏళ్లతో కలిపి లోతుగా కావాలంటే ‘డైజెస్ట్’లు. ఒక్క అంకె కోసమే వెళ్లినా సంచిక చివర నిర్వచనాలు ఇచ్చే పేజీలు దాటేయకండి. అంత ఓపికగా నిర్వచనాలు రాసే చిన్న దేశాలు ఎక్కువ లేవు.

ఎక్కువమంది తప్పు చేసేది ద్రవ్యోల్బణం దగ్గర. మన దేశంలో ఆ మాట అంటే ఈ నెల ధరల సూచీని పోయినేడాది ఇదే నెల సూచీతో పోల్చడం. మారిషస్‌లో ‘హెడ్‌లైన్ ఇన్‌ఫ్లేషన్’ వేరు. గడిచిన పన్నెండు నెలల సూచీల సగటు తీసి, అంతకుముందు పన్నెండు నెలల సగటుతో పోలుస్తారు. మన పద్ధతి లెక్కను అక్కడ ‘ఇయర్ ఆన్ ఇయర్’ అంటారు. రెండూ విడిగా దొరుకుతాయి. 2023 డిసెంబర్‌నే చూడండి. హెడ్‌లైన్ 7.0 శాతం, ఇయర్ ఆన్ ఇయర్ 3.9 శాతం. అదే నెల భారత్‌లో 5.69 శాతం. హెడ్‌లైన్ అంకె పట్టుకున్నవాళ్లు మారిషస్‌లో ధరలు మనకంటే వేగంగా పెరుగుతున్నాయని రాస్తారు, నిజానికి అప్పటికి అక్కడ మనకంటే నెమ్మదించాయి. 2022లో ధరలు మండిపోయాయి, ఆ ఏడాది హెడ్‌లైన్ 10.8 శాతం. ఏడాది సగటు కాబట్టి ఆ వేడి తగ్గడం ఆలస్యంగా కనిపిస్తుంది. జీతాల సవరణ లాంటి ఏడాది మొత్తానికి సంబంధించిన లెక్కకు హెడ్‌లైన్ వాడండి. ధరలు ఇప్పుడు ఎటు పోతున్నాయో తెలియాలంటే రెండోది.

సరిచూసుకోవడం కష్టమేం కాదు. నెలవారీ సూచీలు 24 వరుసగా ఎక్సెల్‌లో వేసుకుని, చివరి 12 సగటును మొదటి 12 సగటుతో భాగించి, ఒకటి తీసేసి, వందతో గుణిస్తే వాళ్ల హెడ్‌లైన్ వచ్చి తీరాలి. రాలేదంటే మధ్యలో ఆధార సంవత్సరం (సూచీని వంద అని పెట్టుకునే ఏడు) మారిందన్నమాట. గృహ వ్యయ సర్వే 2017లో ఒకసారి, 2023లో ఇంకోసారి జరిగింది. సర్వే అయ్యాక సరుకుల బుట్ట, సూచీలో ఒక్కో సరుకుకు ఇచ్చే ప్రాధాన్యం (బరువులు) మారతాయి, సూచీ మళ్లీ వంద దగ్గర మొదలవుతుంది. పాత సూచీ, కొత్త సూచీ రెండూ ఉన్న కాలం చూసి, వాటి నిష్పత్తితో పాత వరుసను గుణించాకే సగటు తీయాలి.

ఇంకో ఉచ్చు భౌగోళికం. పట్టిక తలమీద ‘రిపబ్లిక్ ఆఫ్ మారిషస్’ అని ఉంటే ఆ దేశానికే చెందిన రోడ్రిగ్స్ ద్వీపం కలిసినట్టు. ‘ఐలాండ్ ఆఫ్ మారిషస్’ అని ఉంటే కలవనట్టు. రోడ్రిగ్స్ జనాభా నలభై వేల పైచిలుకే కాబట్టి మొత్తంలో తేడా చిన్నదే, కానీ సంతాన రేటు లాంటి చోట ఆ ద్వీపం దారి వేరు. ఒక ఏడాది ఇది, ఇంకో ఏడాది అది తీసుకుంటే లేని మార్పు కనిపిస్తుంది.

నిరుద్యోగం లెక్క ఇంటింటి సర్వే నుంచి వస్తుంది, 16 ఏళ్లు నిండిన మారిషస్ పౌరుల మీద. బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే బంగ్లాదేశ్, భారత్, నేపాల్, మడగాస్కర్ కార్మికులు అందులో ఉండరు. వాళ్లు కావాలంటే పెద్ద సంస్థల ఉద్యోగాల సర్వే చూడాలి. ఈ రెంటినీ ఒకే పట్టికలో కలపకూడదు.

తెలుగువాళ్లు ఈ సైట్‌కు వచ్చేది సాధారణంగా ఒక ప్రశ్నతో: మారిషస్‌లో మనవాళ్లు ఎంతమంది? ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. ముందుగా, వెతుకులాటలో మన అలవాటు స్పెల్లింగ్ పనిచేయకపోవచ్చు. సెన్సస్ పట్టికల్లో ‘తెలెగు’ అని, టీ తర్వాత ఈ, ఎల్ తర్వాత మళ్లీ ఈ వేసి రాస్తారు. రెండోది, ఆ పేరు వేర్వేరు పట్టికల్లో తగులుతుంది. ఇంట్లో మాట్లాడే భాషలో, పూర్వీకుల భాషలో ప్రాచ్య భాషల వరుస కింద ఉంటుంది. మతం పట్టికలోనూ ఉంటుంది, ఎందుకంటే అక్కడ చాలామంది తమ మతం ‘తెలెగు’ అనో ‘తమిళ్’ అనో రాయిస్తారు. ఒకే మనిషి మూడు చోట్లా పడతాడు, కాబట్టి వీటిని కూడితే తప్పు. ఒక్క మతం పట్టికే చూస్తే హిందువు అని రాయించిన తెలుగువాళ్లు తప్పిపోతారు. ఒక్క ఇంటి భాషే చూస్తే దాదాపు అందరూ తప్పిపోతారు. ఇంట్లో అక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడేవాళ్లు 2000లో 70 శాతం, 2011లో 84, 2022లో 90. పూర్వీకుల భాషే మనకు దగ్గరి లెక్క, అదీ రెండు భాషలు కలిపి చెప్పినవాళ్ల గడులను విడిగా గమనించుకుంటూ.

తెలుగు సముదాయం మొత్తం ఇంత అని ఒక్క అధికారిక అంకె మాత్రం ఎక్కడా దొరకదు. సముదాయం ఏదని అడగడం 1972 సెన్సస్‌తోనే ఆగిపోయింది. అప్పుడడిగినవీ నాలుగే: హిందూ, ముస్లిం, సైనో మారిషియన్ (చైనా మూలాలవాళ్లు), జనరల్ పాపులేషన్ (మిగతావాళ్లందరూ). ఎన్నికల్లో ‘బెస్ట్ లూజర్’ సీట్ల (ప్రాతినిధ్యం తగ్గిన సముదాయాల నుంచి ఓడిన అభ్యర్థులకు ఇచ్చే అదనపు సీట్ల) పంపకానికి ఆ 1972 లెక్కే ఇంకా ఆధారమంటే, ఒక ప్రశ్న తీసేస్తే ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

జీడీపీ దగ్గర నమ్మకం మాట ఎత్తక తప్పదు. ఈ అంచనాలు మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లలో వస్తాయి. ప్రతిసారీ పాత ఏళ్లవీ మారతాయి. 2024 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం ఆర్థిక స్థితి మీద నివేదిక పెట్టి, అంతకుముందు వృద్ధి అంకెలు ఎక్కువ చేసి చూపారని చెప్పింది. అంచనాలు కిందికి సవరించారు. ఆ తర్వాత దేశాల అప్పు తీర్చే సత్తాకు రేటింగ్ ఇచ్చే మూడీస్ సంస్థ దేశం రేటింగ్ అంచనాను ప్రతికూలంగా మార్చింది. ఒక గణాంక కార్యాలయానికి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. కాబట్టి ఏ వృద్ధి రేటు వాడినా ఏ నెల సంచికో పక్కన రాయండి, ఏళ్ల వరుస మొత్తం ఒకే సంచిక నుంచి తీసుకోండి. ‘రివైజ్డ్’, ‘ప్రొవిజనల్’, ‘ఫోర్‌కాస్ట్’ అన్న గుర్తులు గడి పక్కన 1, 2, 3 అని చిన్న అంకెలుగా ఉంటాయి. కాపీ చేసేటప్పుడు అవి సంవత్సరానికి అతుక్కుని 2023 కాస్తా 20231 అయిపోతుంది. అందుకే పీడీఎఫ్ నుంచి కాకుండా ఎక్సెల్ పట్టిక దించుకుని, తలవరుసను చేత్తో టైప్ చేసుకోవడం మేలు. దీర్ఘకాలిక వరుసలన్నీ ఒకేచోట ఎంచుకుని తీసుకునే సౌకర్యం బలహీనం. మార్కులు తగ్గించాల్సింది అక్కడే.

రూపాయి గుర్తు చూసి మోసపోవద్దు, అది మారిషస్ రూపాయి. ‘మిలియన్’ అంటే పది లక్షలు, ‘బిలియన్’ అంటే వంద కోట్లు. ఎగుమతుల మొత్తంలో తిరిగి ఎగుమతి చేసినవీ, ఓడలకు, విమానాలకు నింపిన ఇంధనం, సామగ్రీ కలిసి ఉంటాయి. సొంత ఉత్పత్తే కావాలంటే ‘డొమెస్టిక్ ఎక్స్‌పోర్ట్స్’ వరుస తీసుకోవాలి. ఎగుమతులు ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా అయిన ధర), దిగుమతులు సీఐఎఫ్ (రవాణా, బీమా ఖర్చు కలిపిన ధర) విలువలో ఉంటాయి కాబట్టి మన దేశం ప్రకటించే లెక్కతో అవి సరిపోవు. పర్యాటకుల పట్టికలు మాత్రం హాయిగా చదువుకోవచ్చు: 2019లో 13,83,488 మంది, కోవిడ్ తర్వాత తేరుకుని 2024లో 13,82,177 మంది. అందులో ఫ్రాన్స్‌కు చెందిన పొరుగు ద్వీపం రీయూనియన్‌ను ఫ్రాన్స్ నుంచి విడిగా చూపిస్తారు, రెండూ చూడండి.

మారిషస్ నుంచి భారత్‌కు వచ్చే పెట్టుబడుల కోసమైతే ఇక్కడ తవ్వొద్దు. విదేశీ పెట్టుబడుల లెక్కలు బ్యాంక్ ఆఫ్ మారిషస్ ఇస్తుంది. భారత్ వైపు అంకెలకు మన కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల విభాగం డీపీఐఐటీ పట్టికలే చూడాలి.