నాలుగేళ్లుగా పార్కులో నడుస్తున్నాను, ఆ బెంచీ గురించి చెప్పాలి

పొద్దున్నే నడిస్తే బరువు తగ్గుతుంది, బీపీ అదుపులో ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది. ఇవన్నీ అందరికీ తెలిసినవే, మళ్లీ రాయను. మా పార్కు వెనక మలుపులో పెద్ద చెట్టు కింద ఒక సిమెంటు బెంచీ ఉంది. మొదటి రెండేళ్లు రోజుకి పది సార్లు దాని పక్కనుంచే వెళ్లేదాన్ని, ఒక్కసారీ కూర్చోలేదు. ఇప్పుడు పార్కుకి వెళ్లేదే ముఖ్యంగా దాని కోసం.

ఆఫీసు టెన్షన్ పట్టలేక నడక మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ఎంత తేలికపడ్డానంటే, కనబడ్డ ప్రతివాళ్లకీ "నాలుగు రౌండ్లు కొట్టండి, ఎంతటి టెన్షనైనా పోతుంది" అని చెప్పేదాన్ని. ఆ మాట అబద్ధం కాదు. కానీ అప్పటికి నాకు సగమే తెలుసు.

తర్వాత ఫోన్‌లో అడుగుల లెక్క అలవాటైంది. రోజుకి 10,000 అడుగులు పడాల్సిందే. తక్కువైతే రాత్రి పడుకునే ముందు హాల్లో అటూ ఇటూ తిరిగి పూర్తి చేసేదాన్ని. ఈ అంకె ఏ డాక్టరో లెక్కగట్టి చెప్పిందనుకున్నాను. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరానికి మాన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు, అని పెట్టిన పేరు నుంచే అది ప్రచారంలోకి వచ్చిందని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నా మడమ దెబ్బతింది.

ఒకరోజు పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టగానే మడమలో మేకు గుచ్చుకున్నట్టైంది. పది అడుగులు వేశాక తగ్గింది కదా అని పార్కుకి వెళ్లిపోయాను. మర్నాడూ అంతే. మూడు వారాలు అలాగే నడిచాను, అదే నేను చేసిన పెద్ద తప్పు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల దాకా అరికాలి కింద ఒక పట్టీ లాంటి కణజాలం ఉంటుంది. దాని మీద భారం ఎక్కువైతే ఇలా పొద్దున వేసే మొదటి అడుగుల్లోనే నొప్పి బాగా తెలుస్తుందట. నా విషయంలో అరిగిపోయిన బూట్లు, గట్టి సిమెంటు ట్రాక్, ఒక్కసారిగా రెట్టింపు చేసిన దూరం, మూడూ కలిశాయి. కొన్నాళ్లు నడక మానేయమన్నారు.

ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. గేటు దాకా ఆటోలో వెళ్లి, మెల్లగా ఆ బెంచీ దాకా నడిచి కూర్చునేదాన్ని. మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ. రోజూ నాతో నడిచేవాళ్లు పక్కనుంచి వెళ్తుంటే నా అడుగులన్నీ పోయాయనిపించేది. ఫోన్ తీసి చూడటం, మళ్లీ పెట్టేయడం.

రెండో వారంలో ఒక ఉడుత మీద కన్ను పడింది. చెట్టు మొదలు మీద తలకిందులుగా దిగుతూ, మధ్యలో ఆగిపోయి, అలాగే వేలాడుతూ నన్ను చూసింది. ఉడుతలకి వెనక పాదాలు వెనక్కి తిరుగుతాయి, గోళ్లు బెరడుని పట్టుకుంటాయి, అందుకే అలా దిగగలవు. మడమ నొప్పితో కూర్చున్నదాన్ని కదా, ఆ పాదాలనే చూస్తూ ఉండిపోయాను. అది వెళ్లిపోయాక చూసుకుంటే నలభై నిమిషాలైంది. ఆఫీసు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. రౌండ్లు కొట్టి వచ్చిన రోజు ఒళ్లు ఎంత తేలికగా ఉండేదో, ఒక్క రౌండూ కొట్టకుండానే అంత తేలికగా ఉంది.

ఆ తర్వాత నాకే ఆసక్తి పుట్టి చదివాను. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల ఆసుపత్రి రికార్డులు పరిశీలించి రాశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవాళ్ల కంటే కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. వాళ్లు చెట్ల మధ్య నడవలేదు, గదిలోంచి చూశారంతే. నా బెంచీకి అంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

మడమ కుదుటపడటానికి ఐదు నెలలు పట్టింది. పిక్కలు సాగదీసే వ్యాయామాలు, కొత్త బూట్లు, ట్రాక్ వదిలి పక్కన మట్టి అంచు మీద నడవడం. ఇప్పుడు మూడు రౌండ్లు, ఆపైన ఇరవై నిమిషాలు బెంచీ. ఫోన్ సంచిలోనే ఉంటుంది. కొన్ని రోజులు ఏ ఆనందమూ ఉండదు, అయినా వెళ్తాను. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ప్రయోగంలో, రోడ్ల మీద నడిచినప్పటి కంటే చెట్ల మధ్య నడిచి వచ్చాక జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు మెరుగయ్యాయి. చలిలో నడిచి, అది పెద్దగా నచ్చనివాళ్లకీ ఆ మేలు కనిపించింది.

ఎంతటి టెన్షనైనా పోతుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. నిరుడు ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నెల రోజులు ఆ బెంచీ నాకు ఏమీ చేయలేకపోయింది. కూర్చున్నా కళ్లు గేటు మీదే, చెయ్యి ఫోన్ మీదే. అప్పుడు నన్ను నిలబెట్టింది మనుషులే.

నా వీలు వేరు, అదీ చెప్పాలి. పార్కు ఐదు నిమిషాల దూరం, ఆఫీసు పదింటికి, పొద్దున లేపి తయారు చేయాల్సిన చిన్నపిల్లలు ఇంట్లో లేరు. రోజూ కుదరనివాళ్లు వారానికి ఒక్కసారైనా వెళ్లి చూడండి. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చదనంలో గడిపేవాళ్లు ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఆ సమయమంతా ఒకేసారి గడిపినా విడివిడిగా గడిపినా తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తుండవచ్చు కూడా, అందుకే నేను మాట ఇవ్వలేను.

బెంచీకి లోపాలు లేకపోలేదు. వానాకాలంలో పాచి పడుతుంది, చీకటి పడితే దోమలు. ఈ మధ్య ట్రాక్ వెడల్పు చేస్తారని వింటున్నాను. చెట్టునీ బెంచీనీ కదపొద్దని అర్జీ రాసి ఇచ్చాను. పక్కన ఇంకో బెంచీ వేయమని కూడా అడిగాను, సాయంత్రాలు చోటు దొరకడం లేదు.