గుల్‌మార్గ్‌లో స్నోమొబైల్: రంగు చూసి ఎక్కాలా, బండి చూసి ఎక్కాలా?

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్తున్నాం అని చెప్పే హైదరాబాద్ వాళ్లు నన్ను ముందుగా గండోలా, అంటే కేబుల్ కార్ టికెట్ గురించి అడుగుతారు, తర్వాత మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్ గురించి. గండోలా సంగతి తేలిక. జమ్మూ కశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలి. అక్కడికెళ్లి కొనుక్కుందాంలే అనుకుంటే సీజన్‌లో దొరకడం కష్టం. అసలు గొడవంతా స్నోమొబైల్ దగ్గరే. వరసగా నిలబెట్టిన బండ్లలో ఒకటి ఎర్రగా ధగధగలాడుతుంటుంది, పక్కది రంగు వెలిసి దిగాలుగా ఉంటుంది. మెరిసేదానికి కాస్త ఎక్కువ అడుగుతారు. ఇవ్వాలా? మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది, ఇంకా తెగలేదు కూడా.

చర్చకు మూలం మా బావమరిది. మల్కాజిగిరిలో ఉంటాడు. వాడి దగ్గర యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది గానీ వాడి ఆదివారాలు మాత్రం ఇప్పటికీ దానివే. ట్యాంకుకు పాత రంగే మళ్లీ వేయించాడు, మడ్‌గార్డులకు క్రోమ్ పట్టించాడు, సీటు కవరు కోసం కోఠీ అంతా తిరిగాడు. "బండి సూడంగనే దిల్ ఖుష్ కావాలె బావా. నచ్చని బండి మీద చెయ్యి సుత సక్కగ కుదరదు" అంటాడు. అలాంటివాడిని వెంటపెట్టుకుని మంచు బండి ఎక్కడానికి వెళ్లాం.

ముందు బసల సంగతి చెప్తాను, ఎందుకంటే ఖర్చులో పెద్ద వాటా వాటిదే.

శంషాబాద్ నుంచి శ్రీనగర్‌కు నేరుగా విమానాలున్నాయి. బయట రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇది తెలియక ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే క్యాబ్ డ్రైవర్‌కు ఫోన్ కలవక టెన్షన్ పడే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. శ్రీనగర్‌లో దాల్ సరస్సు హడావిడి వద్దనుకుని నిగీన్ సరస్సు వైపు హౌస్‌బోట్ తీసుకున్నాం. దేవదారు చెక్క మీద నగిషీలు, రాత్రి గది వెచ్చబెట్టే బుఖారీ పొయ్యిలో కట్టెలు, పరుపు మీద ఎలక్ట్రిక్ దుప్పటి. చలికి పైపుల్లో నీళ్లు గడ్డకడితే ఆ ఇంటాయన ఏమీ విసుక్కోకుండా బకెట్లతో వేణ్నీళ్లు మోసుకొచ్చాడు. కశ్మీరీలు మనలాగే అన్నం తినే జనం కాబట్టి తిండికి లోటు లేదు. హాక్ అనే ఆకుకూర, రాజ్మా, వేడన్నం. మా ఆవిడ పట్టుకెళ్లిన గోంగూర పచ్చడి వాళ్లింట్లో సగం ఖాళీ అయింది. నా లెక్కలో ఈ మొత్తం ట్రిప్‌లో పెట్టిన డబ్బుకు పూర్తి విలువ దక్కింది ఇక్కడే.

గుల్‌మార్గ్ హోటల్ మాత్రం పైన పటారం, లోన లొటారం. ఫొటోల్లో లాబీ చూసి బుక్ చేశాం. లాబీ నిజంగానే ఫొటోల్లో ఉన్నట్టే ఉంది. గదిలోనే హీటర్ సాయంత్రం కొన్ని గంటలే వస్తుంది, వేణ్నీళ్లకూ టైము పెట్టారు, కిటికీ సందులోంచి సన్నగా ఈల వేస్తూ గాలి. 2,650 మీటర్ల ఎత్తులో, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు వెళ్లే చోట ఆ ఈల నిద్రపోనివ్వదు. రిసెప్షన్‌లో కుర్రాడు మర్యాదస్తుడే, అదనంగా రజాయిలు ఇచ్చాడు. గుల్‌మార్గ్‌లోనే గది తీసుకునేవాళ్లు ఫొటోలు పక్కనపెట్టి మూడు విషయాలు ఫోన్ చేసి అడగండి: హీటింగ్ రాత్రంతా ఉంటుందా, కరెంటు పోతే జనరేటర్ గదులకూ వస్తుందా, వేణ్నీళ్లు ఏ వేళల్లో వస్తాయి. చిన్న పిల్లలుంటే 13 కిలోమీటర్ల దిగువన తంగ్‌మార్గ్‌లో దిగడం మేలు. అద్దె తక్కువ, చలీ కాస్త తక్కువే. కాకపోతే మంచు ఎక్కువగా పడిన రోజు అక్కడే మీ కారు దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన లోకల్ బండి మాట్లాడుకుని ఎక్కాలి. గమ్‌బూట్లు, కోట్లు కూడా అక్కడే అద్దెకు దొరుకుతాయి. బూట్లు తీసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసుకోండి.

ఇక బండ్ల దగ్గరికి వద్దాం.

మైదానంలో వరసగా పెట్టి ఉన్నాయి. చుట్టూ బేరాలు. మన హైదరాబాదీ ఉర్దూకు వాళ్లు నవ్వుకుంటారు గానీ పని జరిగిపోతుంది, "నక్కో భాయ్" అనగానే ఒకాయన రేటు తగ్గించేశాడు. బావమరిది కన్ను ఎర్ర బండి మీద పడింది. ముందు హుడ్ మీద, అంటే ఇంజిన్ మూత మీద, రెక్కలు చాచిన గద్ద స్టిక్కరు, పక్కలకు మంటల స్టిక్కర్లు, హ్యాండిల్‌కు కుచ్చులు. తయారుచేసిన కంపెనీ పేరు ఆ స్టిక్కర్ల కింద ఎక్కడో పడి ఉంది. నేను దగ్గరికెళ్లి చూస్తే గద్ద ఎడమ రెక్క పొడవునా ఒక గీత. గోటితో తడిమితే తెలిసింది, అది హుడ్‌కు పడ్డ పగులు. లోపలివైపు దాన్ని ప్లాస్టిక్ కేబుల్ టైలతో కుట్టినట్టు బిగించారు. పగులు దాచడానికే ఆ గద్ద అక్కడ వాలిందన్నమాట.

దాని పక్కన బూడిద రంగు బండి. ఒకప్పుడు వెండి రంగేమో. ముందు అద్దం పసుపు తిరిగి గీతలు పడింది. కానీ సీటు కుట్లు గట్టిగా ఉన్నాయి, కింద రబ్బరు ట్రాక్ మీద మంచును పట్టి తోసే పళ్లు ఒక్కటీ ఊడలేదు. కుడి బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్‌ను నొక్కి వదిలితే టక్కున వెనక్కి వచ్చేసింది. ఇది ముఖ్యం. ఈ బండికి మన బైకులా తిప్పే యాక్సిలరేటర్ ఉండదు, కాలితో మార్చే గేర్లూ ఉండవు. బొటనవేలు నొక్కితే బెల్టు పట్టుకుని బండి కదులుతుంది, ఎడమ చేతి లీవరు బ్రేకు. నొక్కిన లీవరు బిగుసుకుపోయి వెనక్కి రాకపోతే ఎంత అందమైన బండయినా ఆగదు. అందుకే నడిపేవాడి ఒంటికి తగిలించి ఉంచే ఒక తాడు ఉంటుంది, మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. బూడిద బండికి ఆ తాడు ఉంది. ఎర్రదానికి తాడు తగిలించే మొన మాత్రమే ఉంది.

అదే అడిగాను ఎర్ర బండి ఆయన్ని. కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు. స్టిక్కరు లేకపోతే కస్టమర్ ఆగడు, ఇంజిన్ ఎవరు చూస్తారు భాయ్‌జాన్, పిల్లలు వేలు పెట్టి చూపించేది దీన్నే కదా అన్నాడు. అబద్ధం కాదు. మేం నిలబడ్డంతసేపూ బూడిద బండిని ఎవరూ అడగలేదు.

చివరికి మా ఆవిడ, బావమరిది ఎర్ర బండికి వెళ్లారు, అది కూడా నడిపేవాడు ముందు కూర్చుంటాడని, తాడు తెచ్చి తగిలిస్తాడని ఒప్పించాకే. నేను, మా అబ్బాయి బూడిదదానికి. మా బండి ఆయన జనరేటర్‌కు లాగినట్టు తాడు లాగి స్టార్ట్ చేశాడు. ఒక్కసారిగా టూ స్ట్రోక్ పొగ, ఆ నూనె వాసన. అంత దూరం నుంచి బావమరిది కేక, "బావా, మన ఆర్‌ఎక్స్ వాసనే!" అంత చలిలో వాడి మొహం వెలిగిపోయింది.

ఎక్కి కూర్చున్నాక అసలు విషయం తెలుస్తుంది. సీటు మీద ఉన్నవాడికి బండి కనిపించదు. హ్యాండిల్, అద్దం, హుడ్ చివర కొంచెం, అంతే. గద్ద ముందునుంచి వచ్చేవాడికి తప్ప మనకు కనబడదు. కనబడేది గీతలు పడ్డ ఆ పసుపు అద్దమే, అది మాత్రం నాకు విసుగు తెప్పించింది. కానీ పొడవుగా ఉండటం వల్ల గాలిని ఆపింది. ఎర్రదానికి స్టైల్ కోసమో ఏమో పొట్టి అద్దం పెట్టారు, మా ఆవిడ దిగేసరికి కళ్లలోంచి ధారగా నీళ్లు. పొట్టి అద్దాలు నిజానికి కొండల్లో నిలబడి నడిపేవాళ్ల కోసం, కూర్చుని తిరిగేవాళ్లకు పొడవుదే సుఖం. పైగా ఎర్ర బండి సీటు చివర చిరుగు ఉంది. దాని మీద కూడా ఒక స్టిక్కరే. లోపల స్పాంజి నీళ్లు పీల్చి ఉంది, వెనక కూర్చున్న బావమరిది ప్యాంటు ఆ పూటంతా ఆరలేదు.

వేగం విషయంలో రెండూ ఒకటే. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం చొప్పున. అంటే గుల్‌మార్గ్ ఎత్తులో కార్బురేటర్ బండికి దాదాపు నాలుగో వంతు పోయినట్టే. మంటల స్టిక్కర్లు దానికేమీ చేయలేవు.

ఇంతవరకూ వాదన నావైపే ఉంది. మధ్యాహ్నం దాటాక మంచుపొగ దిగింది. మా ఇద్దరి బండ్లూ తిరిగి వస్తున్నాయి, ఎదురుగా ఇంకో గుంపు వస్తోంది. ఆ తెలుపులో ఎర్ర బండి దూరం నుంచే తెలుస్తోంది. మా బూడిద బండి ఎవరికీ తెలియడం లేదు. ఎదురుగా వచ్చినవాడు బాగా దగ్గరికి వచ్చాక గానీ పక్కకు తప్పుకోలేదు. మా బండి నడిపే ఆయన హారన్ లాంటిదేమీ లేక నోటితోనే అరిచాడు. దిగగానే మా ఆవిడ, "చూశారా, రంగు ఊరికే వెయ్యరండీ" అంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అది నిజం.

మంచు దేశాల వాళ్లకిది ఎప్పుడో తెలుసు. కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ 1959లో తెచ్చిన స్కీడూ బండి పసుపు రంగులో వచ్చింది, చాలాకాలం ఆ పసుపే దాని గుర్తు. అక్కడ బండి సొంతం. చలికాలమంతా దానితోనే తిరుగుతారు, మళ్లీ అమ్ముకుంటారు, నచ్చిన రంగుల్లో బండి ఒంటికంతా వినైల్ స్టిక్కరు తొడిగిస్తారు. మా బావమరిది ఆర్‌ఎక్స్ మీద చూపించే ప్రేమ లాంటిదే అది, అందులో తప్పేముంది? 1968లో స్నోమొబైల్స్‌లోకి దిగిన యమహా ఈ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2023లో చెప్పిందని నేనంటే వాడు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డాడు. కాసేపు అద్దెకు ఎక్కే మనకు మాత్రం ఆ బండితో బంధం లేదు. ఫొటో ఒక్కటే మిగులుతుంది. ఫొటోల్లో ఎర్రదే బాగా వచ్చిందని ఒప్పుకోవాలి. బూడిద బండి మీద నేను మంచులో తేలుతున్నట్టున్నాను.

అందుకని నేనైతే మంచులో కొట్టొచ్చినట్టు కనబడే రంగు బండినే ఎంచుకుంటాను, కానీ స్టిక్కర్లు తక్కువ ఉన్నదాన్ని. ఎక్కేముందు బొటనవేలి లీవరు, తాడు, సీటు చిరుగులు చూసుకుంటాను. హెల్మెట్ ఇవ్వనివాడి దగ్గర ఎక్కను. ఉదయం పూటే వెళ్తాను. రేటు బండి చూపించకముందే తేల్చుకోవాలి. పిల్లలు వేలు పెట్టి చూపించాక బేరం సాగదు.

మనాలి దగ్గర సోలాంగ్‌లోనూ ఈ బండ్లున్నాయి, అంతకుముందు వెళ్లినప్పుడు ఎక్కాం. దారి పొడవునా నంబర్లు రాసిన చలికోట్ల దుకాణాలు, అక్కడ చేరేసరికి గుర్రాలు, జనం తొక్కి మంచు బురదై ఉంటుంది. తిప్పే దూరం చిన్నది. అటల్ టన్నెల్ దాటి సిస్సు వరకు వెళ్తే మంచు బాగుంటుంది గానీ, బండి కోసమే ప్రయాణమైతే గుల్‌మార్గ్‌కే నా ఓటు. పసిపిల్లలకు మంచు అంటే ఏంటో చూపిస్తే చాలనుకుంటే హైదరాబాద్‌లోనే లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డులో స్నోవరల్డ్ ఉంది. లోపల మైనస్ 5 డిగ్రీలు, కోటూ బూట్లూ వాళ్లే ఇస్తారు, బండ్ల గొడవ లేదు.

బావమరిది చూపు ఇప్పుడు ఫిన్లాండ్ మీద పడింది. రోవానియెమిలో స్నోమొబైల్ సఫారీ చేసొచ్చిన వాడి ఆఫీసు మిత్రుడు చెప్పాడట: హెల్మెట్, ఒంటికి మొత్తం సూటు కంపెనీయే ఇస్తుంది, మనమే నడపాలి, లైసెన్స్ చూపించాలి, నేల మీద గంటకు 60 కిలోమీటర్లు దాటకూడదు. ఆ కంపెనీ బండ్లన్నీ ఒకే మోడల్, ఒకే రంగు అని వినగానే వీడు నీరసపడ్డాడు. "అన్నీ ఒక్కతీరు ఉంటే మనం ఏరుకునేదేముంది బావా?" అన్నాడు. ముందు లైసెన్స్ రెన్యూ చేయించుకోరా, అది అయిపోయి చాలాకాలమైంది అన్నాను.