లాత్వియన్ పదాలు: జాబితాతోనా, వాక్యాలతోనా?

లాత్వియా రాజధాని రీగాలో చదువుకోడానికి వెళ్లేవాళ్లు ముందు వెతికేది ఇంగ్లీష్-లాత్వియన్ పదాల జాబితానే. మొదటి వారానికి అది చాలు. మైజె అంటే రొట్టె, పియెన్స్ అంటే పాలు, ఊదెన్స్ అంటే నీళ్లు. కొట్లో పని జరిగిపోతుంది.

చిక్కు క్రియల దగ్గర మొదలవుతుంది. ఇంగ్లీష్‌లో 'నో' అనే ఒక్క మాటకు లాత్వియన్‌లో కనీసం మూడున్నాయి: విషయం తెలిస్తే జినాత్, మనిషి తెలిస్తే పజీత్, ఈత లాంటి పని వస్తే ప్రస్త్. జాబితాలో సాధారణంగా మొదటిదే ఉంటుంది.

నామవాచకాలు కూడా కుదురుగా ఉండవు. పుస్తకం గ్రామత, 'పుస్తకం చదువుతున్నాను' అంటే ఎస్ లసు గ్రామతు, 'పుస్తకంలో' అంటే గ్రామతా. ఇలా విభక్తులు ఏడు. వాక్యంతో నేర్చుకుంటే ఈ మార్పు విడిగా బట్టీ పట్టే పని లేకుండా నోటికి వచ్చేస్తుంది. నిజానికి మనకు ఇందులో ఇంగ్లీష్ వాళ్ల కంటే సుఖం. మన్ ఇర్ బ్రాలిస్ అన్నది అచ్చంగా 'నాకు అన్నయ్య ఉన్నాడు' అన్నట్టే, 'నాకు'తోనే మొదలవుతుంది. మధ్యలో ఇంగ్లీష్ 'హ్యావ్' ఎందుకు?

వాక్యాల పద్ధతి నెమ్మదే, ఒప్పుకోవాలి. అయినా నా ఓటు దానికే. జాబితా రాసుకున్నా, అచ్చు మీది దీర్ఘపు గీత మాత్రం వదలొద్దు: కాజస్ అంటే పెళ్లి, కజస్ అంటే మేకలు.