బ్రౌన్ దొర సమాధి దాకా నడిచాం

లండన్‌లో మా తెలుగువాళ్ల నడక బృందం ఈ ఆదివారం కెన్సింగ్టన్ గార్డెన్స్ పార్కులోని సెర్పెంటైన్ ఆర్ట్ గ్యాలరీలో మొదలుపెట్టి కెన్సల్ గ్రీన్ శ్మశానం దాకా నడిచింది. దాదాపు ఐదు కిలోమీటర్లు. మొత్తం పన్నెండు మందిమి. అందరిలో పెద్దాయన, కడప నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన డెబ్బై రెండేళ్ల మాస్టారు.

గ్యాలరీకి టికెట్ లేదు, సోమవారం సెలవు. 1934లో టీ తాగేందుకు కట్టిన భవనం 1970లో గ్యాలరీ అయింది. చిన్నది, ముప్పావు గంట చాలు.

లిటిల్ వెనిస్ అనే కాలవల కూడలి నుంచి కాలవ గట్టు పట్టుకున్నాం. దారి చదునే కానీ వెనక నుంచి సైకిళ్లు దూసుకొస్తాయి, పిల్లల చెయ్యి వదలకూడదు. ముందే చెప్పి పెట్టుకున్న కాఫీ షాపులో మా పేరే లేదన్నారు. పులిహోర డబ్బాలు ఉన్నాయి కాబట్టి గట్టు మీద బెంచీల దగ్గరే తినేశాం.

లండన్ చర్చిల ఆవరణల్లో పాతిపెట్టడానికి చోటు చాలక, ఊరి అంచున 1833లో తెరిచిన శ్మశానం ఈ కెన్సల్ గ్రీన్. 72 ఎకరాలు. లోపలికి ఉచితమే. కంప్యూటర్‌కు ఆద్యుడనే బాబేజ్, ఇంజనీరు బ్రూనెల్, రవీంద్రనాథ్ తాత ద్వారకానాథ్ ఠాగూర్ ఇక్కడే ఉన్నారు. మేం వెళ్లింది మాత్రం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కోసం. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. 1884లో లండన్‌లోనే పోయాడు.

సమాధి దొరకడానికి గంట పట్టింది. మీరు వెళ్తే ముందే ఫోన్ చేసి ఏ వరసలో ఉందో, నంబరెంతో రాసుకోండి, మాలా తిరగక్కర్లేదు. పెద్ద బాటలు బాగున్నాయి. లోపలికెళ్తే తడిగడ్డి, ఒరిగిన రాళ్లు. మంచి బూట్లు తప్పనిసరి. మాస్టారిని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నడిపించాం.

ఆయన చెప్పులు విడిచి, రాయి మీది ఆకులు చేత్తో తుడిచి, ఒక వేమన పద్యం చదివారు. ఇక్కడే పుట్టి పెరిగిన పదేళ్ల పాప "తాతగారూ, ఇంకోటి" అంది. ఇంకో రెండు చదివారు. మాలో ఎవరికీ గొంతు పెగల్లేదు.

గేటు మూసే వేళయింది, ఠాగూర్ సమాధి చూడకుండానే వచ్చేశాం. ఈసారి గ్యాలరీ మానేసి పొద్దున్నే నేరుగా ఇక్కడికే వస్తాం.