బేస్ క్యాంప్‌కు ముందు గుణదల మెట్లు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వెళ్లొచ్చానంటే మా విజయవాడలో అందరూ ముందు అడిగేది కాళ్ల నొప్పుల గురించే. నేపాల్లో విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా అనే ఊరి నుంచి పోనూ రానూ దాదాపు 130 కిలోమీటర్లు, మామూలుగా 12 రోజుల ప్రయాణం. నొప్పులు ఉంటాయి, కానీ కొన్నాళ్లకు కాళ్లు సర్దుకుంటాయి. సతాయించేది బుర్ర. పొద్దున్నే చలిలో బూట్లు తొడుక్కుంటుంటే ‘ఎందుకొచ్చిన గోల ఇది’ అని మొదలుపెడుతుంది. బేస్ క్యాంప్ ఉన్న 5,364 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో ఇంచుమించు సగమే. దానికి కృష్ణ ఒడ్డున ఉండి ఒంటిని అలవాటు చేయలేం. మనసుకు మాత్రం ఇక్కడే తర్ఫీదు ఇవ్వొచ్చు.

ఆ తర్ఫీదు ఎక్కడ అని ఎవరిని అడిగినా మంగళగిరి వెళ్లమంటారు. పానకాల స్వామి మెట్లు ఒంటికి మంచివే. అయితే చుట్టూ జనం, గోవింద నామాలు, పైకి చేరగానే చేతిలో పానకం. ఆ ఊపులో ఎవరైనా ఎక్కేస్తారు. విసుగు పుట్టే సందే ఉండదు. అక్కడి నుంచి ఇంకా పైకి, కొండ కొసనున్న గండాలయం గుడి దాకా పోతే కొంత నయం.

కొండవీడు ఇంకో రకం. గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరి, బరువైన బ్యాగుతో ఘాట్ రోడ్డు మీద నడుస్తుంటే బైకుల వాళ్లు ఆగి ‘ఎక్కుతారా అన్నా?’ అంటారు. నవ్వి వద్దనడం మొదటి మలుపులో తేలికే, ఎండెక్కాక కష్టం. రెడ్డిరాజుల కోట, పైనున్న చెరువులు తీరిగ్గా చూడాల్సినవి. నీళ్లు, తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. వేసవిలో అసలు వద్దు.

నా ఓటు గుణదలకే. మేరీమాత గుడి మీదుగా కొండపైన శిలువ దాకా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. కొత్తగా చూసేదేమీ ఉండదు, అవే మెట్లు, అవే విగ్రహాలు. కిందికి దిగిన ప్రతిసారీ ఎదురుగా ఆటో ఉంటుంది, ఎక్కితే కాసేపట్లో ఇంట్లో ఉంటాం, అడిగేవాళ్లు లేరు. ఆ ఆటోకి వీపు తిప్పి మళ్లీ మెట్లెక్కడమే అసలు సాధన. నా తిరుగుడు చూసి కొవ్వొత్తులు అమ్మే పెద్దావిడ ఒకరోజు ‘అంత పెద్ద మొక్కేంటి నాయనా?’ అంది. హిమాలయాలకు వెళ్తున్నానంటే, ‘అయితే ఇదొకటి వెలిగించి పో’ అని చేతిలో కొవ్వొత్తి పెట్టి డబ్బులు తీసుకుంది. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్ల, కాబట్టి ఆ రోజుల్లో ఈ కసరత్తు పెట్టుకోకండి. మిగతా రోజుల్లో కూడా అది ప్రార్థనా స్థలమని గుర్తుంచుకుని పక్కగా నడవండి.

ఇక బసల సంగతి. దారంతా టీ హౌస్‌లే, అంటే నడిచేవాళ్లకు తిండీ పడకా దొరికే చిన్న లాడ్జీలు. గోడలు పల్చటి చెక్క, పక్క గదిలో దగ్గితే మనకు వినిపిస్తుంది. పొయ్యి భోజనాల హాల్లో మాత్రమే, గదిలో వెచ్చదనం ఉండదు. గది అద్దె తక్కువ, తిండి అక్కడే తినాలి. పైకి పోయేకొద్దీ అన్నీ ప్రియం, ఎందుకంటే ప్రతి వస్తువూ మనుషులో జంతువులో మోసుకొచ్చినదే. ఫోన్ ఛార్జింగ్‌కీ వేడినీళ్లకీ చాలాచోట్ల విడిగా తీసుకుంటారు. దాల్ భాత్, అంటే పప్పూ అన్నం, అడిగితే మళ్లీ వడ్డిస్తారు, అన్నం లేనిదే పొద్దుపోని మనకు అదే దిక్కు. ఆవకాయ చిన్న డబ్బా దగ్గరుంటే నోటికి ప్రాణం లేచొస్తుంది. నేను మాట్లాడుకున్న ఖాట్మండు ఏజెన్సీ ‘అన్ని చోట్లా అటాచ్డ్ బాత్రూం’ అంది. దారిలోని నామ్చే ఊరు దాటాక వరండా చివరి టాయిలెట్టే అందరికీ. గైడ్ మాత్రం బంగారం, హిందీలో ఓపిగ్గా అన్నీ చెప్పేవాడు. అడ్వాన్స్ కట్టేముందు బస గురించి ఊరు ఊరుకీ విడిగా అడిగి రాయించుకోండి.

పైన భయపెట్టేది రాత్రి. నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తాం. ఆ ఎత్తులో చాలామందికి అలా అవుతుందని ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. కదలకుండా కూర్చున్నా ఆయాసం, నడకలో తూలడం, మాట తికమక కావడం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే కిందికి దిగాలి. ‘ఇన్ని డబ్బులు పోశాం కదా’ అనే లెక్క ఆ టైంలో బుర్రలోకి రాకుండా ఉండాలంటే ‘ఇలాగైతే వెనక్కొచ్చేస్తా’ అని బయల్దేరకముందే ఇంట్లో చెప్పేయాలి. మా ఆవిడ ఆ ముక్క నాచేత కాగితం మీద రాయించి ఫ్రిజ్‌కి అంటించింది. సిగ్నల్ లేని రోజుల్లో కంగారు పడొద్దని అమ్మకు కూడా ముందే చెప్పండి.

లుక్లా విమానాలు వాతావరణాన్ని బట్టే ఎగురుతాయి. సీజన్లో చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ నుంచి నడుపుతారు, అక్కడికి రోడ్డు మీద నాలుగైదు గంటలు. మబ్బు పడితే లుక్లాలోనే కూర్చోవాలి. అందుకని తిరుగు టికెట్‌కు ముందు రెండు మూడు రోజులు ఖాళీగా వదిలేయండి. గోరఖ్‌పూర్ మీదుగా రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ రావాలనుకునేవాళ్లు ఇంకాస్త ఎక్కువే వదలాలి, అది రోజూ నడిచే బండి కాదు.